ఫొటోకి దొరకని విషం

విషం గురించి సినిమా తీసే దర్శకుడికి మొదటి చిక్కు, విషం కనపడదు. నీళ్ళ గ్లాసు చూపిస్తే నీళ్ళే కనపడతాయి. అందుకని ఆ నీళ్ళు తాగినవాళ్ళని చూపించాలి. ఎవరిని చూపించాలి, ఎంతసేపు చూపించాలి, చూసిన ప్రేక్షకుడు దేన్ని నమ్మి బయటికి వెళ్ళాలి అన్న దగ్గరే ఇలాంటి సినిమాల మంచిచెడ్డలు తేలతాయి. టాడ్ హేన్స్ 2019లో తీసిన 'డార్క్ వాటర్స్' మీద నాకున్న మెచ్చుకోలూ, నా పేచీ కూడా అక్కడే ఉన్నాయి.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. రాబ్ బిలాట్ సిన్సినాటిలో రసాయన కంపెనీల తరఫున పనిచేసే లాయరు. 1998లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని పార్కర్స్‌బర్గ్ నుంచి విల్బర్ టెనెంట్ అనే రైతు ఆయన దగ్గరికి వస్తాడు. తన పశువులు ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతున్నాయని, పక్కనే ఉన్న డూపాంట్ కంపెనీ చెత్తదిబ్బ నుంచి వచ్చే వాగునీళ్ళే కారణమని చెప్తాడు. తవ్వుతూ పోతే బయటపడింది పీఎఫ్‌ఓఏ అనే రసాయనం. కంపెనీ లోపల దాని ముద్దుపేరు సీ8. టెఫ్లాన్ తయారీలో వాడేవాళ్ళు. 2016లో నథానియల్ రిచ్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం ఈ సినిమాకి ఆధారం. బిలాట్‌గా మార్క్ రఫలో నటించాడు.

సినిమాలో నాకు బాగా నచ్చింది కాగితాలు చదవడం. కోర్టు ఆర్డరు మీద కంపెనీ లక్షా పదివేల పేజీలకి పైగా పంపిస్తుంది. వాటిలో పడి నువ్వు మునిగిపో అన్నట్టు. రఫలో ఆ అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని తేదీల వారీగా సర్దుకుంటూ పోతాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన పని. ప్రొడక్షన్‌లో ఏదో పగిలిపోతే, లక్షల లైన్ల లాగ్‌లో ఎక్కడ మొదటిసారి తేడా వచ్చిందో వెతుక్కోవడం. అందులో హీరోయిజం ఏమీ ఉండదు, మెడ నొప్పి ఉంటుంది. ఒక మనిషి చదువుతూ కూర్చోవడాన్ని ఉత్కంఠగా చూపించిన సినిమాలు నేను ఎక్కువ చూడలేదు. హేన్స్ దాన్ని సాధించాడు.

ఇక పేచీ. దానికంటే ముందు ఒక చిన్న రసాయన పాఠం తప్పదు. ఎందుకంటే ఈ సినిమా పేరు ఎత్తగానే మనవాళ్ళు 'ఓహో, మన నల్లగొండ ఫ్లోరైడ్ లాంటిదే' అంటారు. కాదు. నల్లగొండ బోర్లలో ఉన్నది ఫ్లోరైడ్ అయాను. గ్రానైటు రాయిలోంచి వేల ఏళ్ళుగా నీళ్ళలోకి కరుగుతున్న ప్రకృతి సరుకు. పార్కర్స్‌బర్గ్‌ది కార్బన్‌కి ఫ్లోరిన్‌ని కట్టి మనిషి తయారుచేసిన సరుకు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఆ రెంటి మధ్య బంధాన్ని మించిన గట్టి ఒంటిబంధం లేదు. అలాంటి బంధాలతో చేసిన వేల రసాయనాల కుటుంబాన్ని పీఫాస్ అంటున్నారు. ఎండకి, నీటికి, సూక్ష్మజీవులకి అవి లొంగవు. పీఎఫ్‌ఓఏ ఒంట్లోకి వెళ్తే రక్తంలో సగానికి తగ్గడానికే రెండు మూడేళ్ళు పడుతుంది. ఫ్లోరైడ్ ఎముకలోకి, పంటిలోకి వెళ్ళి కూర్చుంటుంది. పీఎఫ్‌ఓఏ రక్తంలోని ప్రొటీన్లని పట్టుకుని తిరుగుతుంది. మూలకం ఒకటే, జబ్బు దారులు వేరు. కానీ వాటి కథలు చెప్పే పద్ధతిలో మాత్రం ఒక పోలిక ఉంది. నా పేచీ ఆ పోలిక గురించి.

సినిమాలో బకీ బెయిలీ అనే మనిషి ఉన్నాడు. 1981లో ఒకే ముక్కురంధ్రంతో, కంటి లోపంతో పుట్టాడు. తల్లి సూ బెయిలీ గర్భంతో ఉన్నప్పుడు డూపాంట్ ఫ్యాక్టరీలో టెఫ్లాన్ విభాగంలో పనిచేసింది. సినిమాలో ఒక పెట్రోలు బంకు దగ్గర బిలాట్‌కి ఒక యువకుడు ఎదురుపడతాడు. నటుడు కాదు, అసలు బకీయే. ఆ మొహం చూశాక ప్రేక్షకుడికి ఇక ఏ కాగితమూ అక్కర్లేదు. లక్షా పదివేల పేజీలు చేయలేని పని ఆ కొద్ది సెకన్లు చేస్తాయి. హాల్లో అందరూ నమ్మేస్తారు.

నమ్మినదేమిటి అన్నదే ప్రశ్న. కేసులో భాగంగా 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం ముగ్గురు ఎపిడెమియాలజిస్టులతో ఒక సైన్స్ ప్యానెల్ వేశారు. మనిషికి 400 డాలర్లు ఇస్తామంటే సుమారు 69,000 మంది రక్తం ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఎదురుచూపుల తరవాత 2011, 2012లలో ఫలితాలు వచ్చాయి. సీ8కీ ఆరు జబ్బులకీ సంబంధం ఉండే అవకాశమే ఎక్కువని ప్యానెల్ తేల్చింది: కిడ్నీ క్యాన్సరు, వృషణాల క్యాన్సరు, థైరాయిడ్ జబ్బు, అధిక కొలెస్ట్రాల్, పెద్దపేగు పుండు జబ్బు, గర్భంతో ఉన్నప్పుడు వచ్చే బీపీ. పుట్టుకతో వచ్చే లోపాలు ఆ ఆరింట్లో లేవు. వాటికి అలాంటి సంబంధం తేలలేదని ప్యానెల్ విడిగా రాసింది కూడా.

అంటే సినిమాలో మనల్ని ఎక్కువగా కదిలించిన మొహానికి శాస్త్రం ముద్ర వేయలేదు. శాస్త్రం ముద్ర వేసిన గర్భిణి బీపీకి సినిమాలో మొహం లేదు. జాబితాలో ఒక పేరుగా వచ్చి వెళ్ళిపోతుంది.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. డూపాంట్ అమాయకురాలని నేను అనడం లేదు. 1981లో 3ఎమ్ కంపెనీ తన ఎలుకల పరీక్షల్లో పుట్టిన పిల్లలకి కంటి లోపాలు కనపడ్డాయని డూపాంట్‌కి చెప్పింది. డూపాంట్ ఆ విభాగం నుంచి ఆడవాళ్ళని పక్కకి తప్పించింది. గర్భంతో ఉన్న ఉద్యోగినులకి పుట్టిన ఏడుగురు పిల్లల్ని పరీక్షిస్తే ఇద్దరికి కంటి లోపాలు కనపడ్డాయి. ఆ సంగతి బయటపెట్టలేదు. ఏడుగురిలో ఇద్దరు అన్నది భయపడాల్సిన లెక్క. ఇంకా వెతకాల్సిన లెక్క. వెతక్కుండా దాచేయడం నేరం. బకీ మొహం ఆ నేరానికి సాక్ష్యం. సీ8 ఏం చేస్తుంది అన్నదానికి మాత్రం అది సాక్ష్యంగా నిలబడలేదు. ఈ రెండింటికీ తేడా ఉందని సినిమా చెప్పదు. చెప్తే ఆ దృశ్యం పదును తగ్గిపోతుంది.

మనకి ఇలాంటి దృశ్యం ఒకటి ఉంది. మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశాల స్వామి. 2003లో జలసాధన సమితి వాళ్ళు ఆయన్ని ఢిల్లీకి తీసుకెళ్ళి, అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందు టేబుల్ మీద పడుకోబెట్టారు. ముడుచుకుపోయిన ఆ కాళ్ళూ చేతులూ తరవాత నల్లగొండ అనే మాటకి అర్థం అయిపోయాయి. 2022లో మునుగోడు ఉపఎన్నిక వచ్చినప్పుడు ఆయన మళ్ళీ వార్తల్లోకొచ్చారు. 2023 జనవరిలో చనిపోయారు.

బకీ విషయంలో ఉన్న అనుమానం ఇక్కడ లేదు. ఎముకల ఫ్లోరోసిస్ ఎందుకొస్తుందో వైద్యులకి ఎప్పుడో తెలుసు. 1937లోనే షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుని గుర్తించి రాశారు. నల్లగొండ గురించి సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లో వచ్చింది. 1973లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకి చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మోకాళ్ళు లోపలికి వంగిపోతున్న పిల్లల గురించి లాన్సెట్‌లో రాశారు. టేబుల్ మీది ఆ దృశ్యం నూటికి నూరుపాళ్ళూ నిజం. దాని పని అది చేసింది. ఆ పని చేసినవాళ్ళకి దండం పెట్టాలి.

కానీ ఆ దృశ్యం మనకి ఒక అలవాటు నేర్పింది. వంకరపోయిన ఒళ్ళు కనపడితే ఫ్లోరైడ్ ఉన్నట్టు, కనపడకపోతే పోయినట్టు. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాయి, మంచిదే. రాష్ట్రంలో 2015లో 967గా ఉన్న ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు 2020 నాటికి సున్నా అయ్యాయని కేంద్రమే లెక్క చెప్పింది. ఆ సున్నాని నేను తక్కువ చేయడం లేదు. మా ఊళ్ళో దాని విలువ నాకు తెలుసు. అయితే అది నీళ్ళ లెక్క. అంతకుముందు ఇరవై, ముప్ఫై ఏళ్ళు ఆ నీళ్ళే తాగిన ఒళ్ళ లెక్క అందులో ఉండదు. ముఖ్యంగా ఆ ఒళ్ళు మోసిన కాన్పుల లెక్క ఉండదు.

మా ఇంటి సంగతే చెప్తాను. మాది ఆ మర్రిగూడ వైపే ఒక చిన్న ఊరు. నాకు గారపళ్ళు. అమీర్‌పేటలో కోచింగ్‌కి చేరినప్పుడు, మైత్రీవనం వెనక సందులో మాక్ ఇంటర్వ్యూ తీసుకున్న సారు "కొంచెం నవ్వుతూ చెప్పు తమ్మీ" అంటే నేను పెదాలు విప్పకుండా నవ్వడం ప్రాక్టీసు చేసేవాణ్ణి. నా తరవాత పుట్టిన మా చెల్లెలు మిర్యాలగూడ వైపు అమ్మమ్మ దగ్గర, సాగర్ నీళ్ళు తాగి పెరిగింది. దాని పళ్ళు తెల్లగా ఉంటాయి. ఒకే అమ్మ, ఒకే నాన్న, రెండు నీళ్ళు. పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా చిగురు లోపల పంటి పైపొర తయారవుతుంది. ఆ కాలంలో ఏ నీళ్ళు తాగామో పన్ను రాసిపెట్టుకుంటుంది. తరవాత ఎన్ని ఆర్వో ఫిల్టర్లు పెట్టుకున్నా చెరగదు. పంజాగుట్టలో ఏ డెంటల్ క్లినిక్‌కి వెళ్ళినా పైన తెల్లటి తొడుగు వేస్తారు, అంతే.

పన్ను కాబట్టి కనపడింది. కనపడనివి ఎన్నో. ఢిల్లీలో సుశీల, ఆమె బృందం రక్తహీనత ఉన్న గర్భిణుల మీద చేసిన పని 2010లో కరెంట్ సైన్స్‌లో వచ్చింది. మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నవాళ్ళకి తిండిలో, నీళ్ళలో దాన్ని తగ్గించి, పోషకాహారం చెప్తే హిమోగ్లోబిన్ పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు. ఐరన్ మాత్రలు మింగినా రక్తం పట్టని కోడళ్ళని మా ఊళ్ళో చాలామందిని చూశాను. వాళ్ళ సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు, ఎందుకంటే వాళ్ళ కాళ్ళు వంకరగా లేవు. అమెరికాలో నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటినచోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటానికీ దానికీ సంబంధం ఉందని, ఆ మాట ఓ మోస్తరు నమ్మకంతో చెప్పగలమని. లీటరుకి 1.5 అంటే మన ఐఎస్ 10500 ప్రమాణంలో వేరే నీళ్ళు లేనిచోట ఒప్పుకునే పైహద్దే. ఐక్యూ నాలుగైదు పాయింట్లు తగ్గిన పిల్లవాడిని ఏ ప్రధాని టేబుల్ మీద పడుకోబెడతాం? వాడు మామూలుగానే ఉంటాడు. ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే చదవలేదని తిడతాం.

పీఫాస్ దగ్గరికొస్తే ఈ కనపడకపోవడం ఇంకా చిక్కన. 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలని కలిపి లెక్క వేస్తే, తల్లి రక్తంలో పీఎఫ్‌ఓఏ మిల్లీలీటరుకి ఒక్క నానోగ్రాము పెరిగితే బిడ్డ బరువు సగటున సుమారు 19 గ్రాములు తగ్గుతోందని తేలింది. పార్కర్స్‌బర్గ్ ప్యానెల్ అప్పట్లో బరువుతో సంబంధం తేల్చలేదు. తరవాతి అధ్యయనాలు పోగయ్యాక అమెరికా పర్యావరణ సంస్థ 2024లో తన లెక్కలకి తీసుకున్న ముఖ్యమైన హానుల్లో బరువు తగ్గడం ఒకటి. 19 గ్రాములంటే నాలుగు చెంచాల నీళ్ళు. ఏ తల్లీ ఎత్తుకుని చెప్పలేదు. కానీ 2,500 గ్రాముల గీత దగ్గర పుట్టే వేలమంది పిల్లల్ని అందరినీ కలిపి అంత కిందికి జరిపితే, గీత దాటి కిందపడేవాళ్ళు కొందరు ఉంటారు. ఆ కొందరు ఎవరో ఎన్నడూ తెలియదు.

ఇంకొకటి. ఫారో దీవుల్లో ఫిలిప్ గ్రాంజాన్ బృందం 2012లో చూపించిందేమిటంటే, పిల్లల రక్తంలో పీఫాస్ రెండింతలయితే ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాల వల్ల రావాల్సిన యాంటీబాడీలు దాదాపు సగం తక్కువగా ఉన్నాయి. సూది పడింది, కార్డు మీద టిక్కు పడింది, లోపల తయారవ్వాల్సింది సగమే. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2020లో నాలుగు పీఫాస్‌లకి కలిపి పెట్టిన హద్దు, వారానికి కిలో బరువుకి 4.4 నానోగ్రాములు, ఈ టీకా హానిని చూసి పెట్టిందే. ఇక్కడ చూపించడానికి ఉన్నది టీకా కార్డు పట్టుకుని నిలబడ్డ ఆరోగ్యంగా ఉన్న పిల్ల. ఏ కెమెరామన్ అయినా ఫొటో బాగా వచ్చిందనే అంటాడు.

బయట ప్రపంచంలో ఈ విషయంలో అందరూ తలుచుకునే ఫొటో మినమాటాది. చిస్సో కంపెనీ జపాన్ సముద్రతీరంలో వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి తల్లుల్లోకి, మాయ దాటి కడుపులోని పిల్లల్లోకి వెళ్ళింది. అలా పుట్టిన టొమోకో అనే అమ్మాయిని తల్లి స్నానం చేయిస్తుండగా యూజీన్ స్మిత్ 1971లో తీసిన ఫొటో అది. మరుసటి ఏడు లైఫ్ పత్రికలో వచ్చింది. టొమోకో 1977లో చనిపోయింది. ఇక ఆ ఫొటో తిరగకూడదన్న తల్లిదండ్రుల కోరికని మన్నించి, 1998లో ఐలీన్ స్మిత్ కొత్తగా ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. బకీ తన ఇష్టంతో కెమెరా ముందుకొచ్చాడు. స్వామి పెద్దయ్యాక తన మాట తనే చెప్పుకున్నారు. టొమోకోకి ఆ వీలు లేకపోయింది.

ఆ ఫొటో కన్నా నాకు గుర్తుండిపోయింది ఆ ఇంటివాళ్ళ ఒక నమ్మకం. తల్లి ఒంట్లోని పాదరసాన్ని ఈ మొదటి బిడ్డే తనలోకి తీసేసుకుందని, అందుకే తరవాత పుట్టినవాళ్ళు బాగున్నారని వాళ్ళు అనుకునేవాళ్ళు. ఆమెని ఇంటి నిధి అని పిలుచుకునేవాళ్ళు. పీఫాస్ అధ్యయనాలు చదువుతుంటే ఇది గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. ఎందుకంటే పీఫాస్‌ కూడా అలాగే నడుస్తుంది. మాయ దాటుతుంది, చనుబాలలోకి వస్తుంది. కాన్పు కాన్పుకీ, పాలిచ్చిన నెల నెలకీ తల్లి రక్తంలో తగ్గుతుంది. తగ్గినదాంట్లో కొంత బిడ్డలోకి పోతుంది. మొదటి కాన్పు బిడ్డకి ఎక్కువ వాటా. (అయినా పాలు మాన్పించమని వైద్యులు చెప్పడం లేదు. తల్లిపాల లాభం పెద్దది.)

మా ఆవిడకి ఇది మొదటి కాన్పు. ఏడో నెల. పంజాగుట్టలో చూపించుకుంటున్నాం. పోయిన నెల నుంచి బీపీ 140, 90 దగ్గర ఆడుతోంది. డాక్టరమ్మ మాత్ర రాసి, వారానికోసారి రమ్మంది. మా అమ్మ ఫోన్లో "గుర్రపువాతం రాకుండ సూసుకో బిడ్డా" అంటుంది. ఊళ్ళో ఆ మాట విని పెరిగినవాణ్ణి కాబట్టి దాని బరువు తెలుసు. సినిమాలో జాబితాలో వచ్చి వెళ్ళిపోయిన ఆ జబ్బు, ఇప్పుడు మా ఇంట్లో పొద్దునా సాయంత్రం మిషన్ చుట్టి కొలుస్తున్నాం. దీనికి ఫలానా పెనం కారణమనో, ఫలానా నీళ్ళు కారణమనో నేను అనను. గర్భిణి బీపీకి సవాలక్ష కారణాలు. ఏ ఒక్క మనిషి విషయంలోనూ వేలు పెట్టి చూపించలేం. వేలమందిని కలిపి చూసినప్పుడే ఆ రేఖ పైకి లేచినట్టు తెలుస్తుంది. సినిమాకి ఒక్క మనిషి కావాలి. ఈ హాని వేలమందిలోనే ఉంటుంది. హేన్స్‌కి వచ్చిన ఇబ్బంది ఇదే, అందుకే ఆయన బకీ దగ్గరికి వెళ్ళాడనుకుంటాను. ఆ తొందర నాకు అర్థమవుతుంది, సమర్థించలేను.

పెనం అన్నాను కాబట్టి దాని సంగతి కూడా. సినిమాలో బిలాట్ అర్ధరాత్రి వంటింట్లో గిన్నెలు లాగి చూసే దృశ్యం ఉంది. చూసినవాళ్ళంతా ఇంటికెళ్ళి నాన్‌స్టిక్ పెనం పారేస్తారు. పారేస్తే పారేయండి, అమీర్‌పేట సందుల్లో దోసెల బండివాడు ఇనప పెనం మీద ఉల్లిగడ్డ రుద్ది ఏ కోటింగూ లేకుండా దోసె తీస్తున్నాడు. కానీ తయారైన పెనంలో పీఎఫ్‌ఓఏ మిగిలేది బహు తక్కువ. మరీ ఎర్రగా కాలిస్తే వచ్చే పొగ వేరే సంగతి. జనం ఒళ్ళలోకి ఎక్కువగా వచ్చే దారులు నీళ్ళు, తిండి, మరక అంటని బట్టలు, నూనె పీల్చని కాగితాలు, వాటిని చేసే ఫ్యాక్టరీల మురుగు. పంజాగుట్ట షోరూముల్లో ఇప్పుడు పెనాల మీద 'పీఎఫ్‌ఓఏ ఫ్రీ' అని స్టిక్కరు ఉంటుంది. విమర్శ రాసేవాడిగా నాకు ఆ స్టిక్కరు మంచి పాఠ్యం. అబద్ధం ఒక్క అక్షరం లేదు. కానీ పీఎఫ్‌ఓఏ బదులు ఏం వాడారో చెప్పదు. ఆ కుటుంబంలో వేల రసాయనాలున్నాయి, ఒకదాని పేరు కొట్టేస్తే ఇంకొకటి వస్తుంది. డూపాంట్ విషయంలో వచ్చింది జెన్‌ఎక్స్.

మరి మొహం లేని ఈ హానిని ఏ రూపంలో చెప్పాలి? నాకు తట్టిన జవాబు ఈ సినిమా పక్కనే ఉంది. 2001 మార్చిలో బిలాట్ ప్రభుత్వ సంస్థలకి ఒక ఉత్తరం పంపాడు. 972 పేజీలు, 136 జతపత్రాలు. ఆ వరసలో తరవాత బయటపడిన వాటిలో ఒక కాగితం సంగతి చెప్పాలి. కంపెనీ 1981లో గర్భిణి ఉద్యోగినుల రక్తంతో పాటు బొడ్డుతాడు రక్తాన్ని కూడా పరీక్షించింది. సీ8 తల్లి నుంచి బిడ్డకి దాటిందని ఆ అంకె చెప్పింది. ప్రభుత్వానికి చెప్పాల్సిన ఈ సమాచారాన్ని దాచారన్నది అమెరికా పర్యావరణ సంస్థ డూపాంట్ మీద పెట్టిన అభియోగాల్లో ఒకటి. 2005లో కంపెనీ కోటీ 65 లక్షల డాలర్లకి రాజీ చేసుకుంది. బొడ్డుతాడు రక్తంలో ఒక అంకె. ఈ కథ మొత్తంలో అంతకన్నా భయంకరమైన బొమ్మ నాకు కనపడలేదు. దాన్ని చూడాలంటే కళ్ళు చాలవు, టేబుల్ చదవడం రావాలి. చదవడాన్ని అంత బాగా తీసిన హేన్స్, చివరికి ప్రేక్షకుడి చదువుని నమ్మలేదు. మొహాన్ని నమ్మాడు.

ఇదంతా అమెరికా వాళ్ళకే చెల్లింది అనుకోనక్కర్లేదు. మనవాళ్ళు అంతకుముందే ఇలాంటి రూపం ఒకటి కనిపెట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. నీళ్ళ కోసం నిరసనగా జలసాధన సమితి జనం చేత గుంపులు గుంపులుగా నామినేషన్లు వేయించింది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది దేశం మొత్తానికి డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు. ఆ బ్యాలెట్ పుస్తకంలో వంకర కాలు బొమ్మ ఒక్కటి లేదు. ఉన్నవి పేర్లు, గుర్తులు. పేజీ తిప్పితే ఇంకో పేజీ పేర్లు. ఒక్కడి కష్టం కాదు, ఇంతమందిది అని చెప్పడానికి అంతకన్నా సూటైన రచన తెలుగునాట రాలేదని నా అభిప్రాయం. మనం మాత్రం దాన్ని క్విజ్ ప్రశ్నగా మార్చి, 2003 నాటి టేబుల్‌ని గుర్తుపెట్టుకున్నాం.

ఆ పుస్తకం లాంటిది పీఫాస్ గురించి ఇప్పుడు రాయాలంటే మన దగ్గర ముడిసరుకు లేదు. ఐఎస్ 10500లో ఫ్లోరైడ్‌కి ఒక వరస ఉంది, 1.0 అని, 1.5 అని. ఆ వరస ఉండబట్టే మా ఊరి బోరు నీళ్ళు తాగడానికి పనికిరావని ఎవరైనా కాగితం మీద రాయగలిగారు. ఆ రాతను పట్టుకునే జనం ఢిల్లీ దాకా వెళ్ళారు. పీఫాస్‌కి ఆ ప్రమాణంలో వరస లేదు. అమెరికా 2024లో పీఎఫ్‌ఓఏకి, పీఎఫ్‌ఓఎస్‌కి పెట్టిన హద్దు లీటరుకి 4 నానోగ్రాములు. మనకి నాలుగు కాదు, నలభై కాదు, ఆ గడే లేదు. గర్భిణి ఫైల్లో హిమోగ్లోబిన్ ఉంది, షుగరు ఉంది, థైరాయిడ్ ఉంది, బీపీ ఉంది. అవన్నీ ఒకప్పుడు లేని గడులే. ఎవరో పట్టుబట్టి గీయించారు.

అందుకని సాహిత్యం వాళ్ళని నేను అడిగేది కొత్త బొమ్మ కాదు. ఇంకో స్వామి కోసం, ఇంకో బకీ కోసం వెతకొద్దు. ఈసారి దొరకరు కూడా. నీటి పరీక్ష రిపోర్టుని, టీకా కార్డుని, కాన్పు రిజిస్టరుని కవితనో కథనో చదివినంత శ్రద్ధగా చదవడం నేర్చుకుందాం. ఎక్కడ గీత లేదో, ఏ అంకె రాయకుండా వదిలేశారో చూద్దాం. వదిలేసినచోట వేలు పెట్టి అడగడం కూడా విమర్శే.